పన్నెండో రాయి

చీకెమాడ మేదప్ప కనిపిస్తే చాలు, ఎవరికో ఒకరికి నోరు దురద పెట్టేది. "మామా, లెక్క జాగ్రత్త!" అనేవారు. పెళ్ళిపందిట్లో అన్నారంటే అర్థముంది. మిరియాల కొట్లో, బస్సులో, చివరికి పళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు కూడా అనేవారు. మేదప్ప అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, పటాలంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు, ఇంకొకరైతే ఏనాడో చెంప పగలగొట్టేవాడు. ఆయన మాత్రం నవ్వేవాడు.

కొడగులో పెళ్ళి పురోహితుడి చేతిలో ఉండదు. ఒక్కో ఇంటిపేరువాళ్ళకు ఇంకో ఇంటిపేరువాళ్ళు తరతరాలుగా అరువలై ఉంటారు. పెళ్ళి జరిపించాలన్నా, తగువు తీర్చాలన్నా, ఇంటి తరఫున దీపం ముందు మాట ఇవ్వాలన్నా అరువ నోటితోనే. తొరెమాడ ఇంటికి మేదప్ప అరువ. పెళ్ళిలో పిల్ల తరఫు అరువ అరచేతిలో పన్నెండు గులకరాళ్ళు పట్టుకుని నిలబడతాడు. వాటిని బంగారు కాసులనే అంటారు, అందరికీ తెలుసు అవి ఏటిరాళ్ళేనని. ఎదురుగా పిల్లవాడి అరువ. వీటిలో పదకొండు అతని చేతిలో పోసి, పన్నెండోది తన దగ్గరే ఉంచుకోవాలి. పదకొండు పాళ్ళు పిల్ల మీది, ఒక పాలు ఇంకా మాది అన్నమాట. రేపు ఖర్మ కాలి అక్కడ నిలవలేకపోతే ఆ ఒక్క రాయి పట్టుకునే పిల్ల పుట్టింటికి తిరిగొస్తుంది. తొరెమాడవాళ్ళు తమ ఇంటి ఆడపిల్లల పన్నెండో రాళ్ళన్నీ నడిమింటి దీపం కింద ఒక రాగి చెంబులో వేసి ఉంచేవారు.

ఆ ఇంటి పిల్ల దేచమ్మ రాయి మాత్రం ఆ చెంబులో లేదు. దేచమ్మ పెళ్ళిలో మేదప్ప పన్నెండూ ఇచ్చేశాడు.

అదెలా జరిగిందో ఊరంతా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకునేవారు. తాగి ఉన్నాడన్నారు, కళ్ళజోడు మరిచిపోయాడన్నారు. మేదప్పను అడిగితే "ఎవరికి గుర్తుందయ్యా, అంత గొడవలో" అనేవాడు.

ఆ పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకు, ఆషాఢపు కక్కడ మాసంలో, వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్న ఒక ఉదయం, దేచమ్మ తమ్ముడు మాచయ్య జీపు వేసుకుని వచ్చాడు. గొడుగు మడిచి అరుగు మీద పెట్టి, ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఊరికే వచ్చినవాడు సీసా తేడని మేదప్పకు తెలుసు.

"ఏంట్రా మాచూ, కూతురి పెళ్ళిపనులు అప్పుడే మొదలెట్టావా? వేసవికి కదా ముహూర్తం?"

"అది కాదు మామా. అక్క ఫోన్ చేసింది."

"ఏమంటోంది?"

"ఇంటికి వస్తానంటోంది." మాచయ్య వాన వైపు చూస్తూ అన్నాడు. "చుట్టపుచూపుగా కాదు. ఉండిపోవడానికి."

దేచమ్మ మొగుడు కారెయండ కుశాలప్ప పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. మరిది కొడుకు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు, పెద్దమ్మను తోటలో కూలివాళ్ళ లైను ఇళ్ళ పక్కన గదిలో ఉండమన్నాడు. మర్యాదగానే అన్నాడట.

"వస్తే రానీ. అది పుట్టిన ఇల్లు" అన్నాడు మేదప్ప.

"రానీ అంటే ఎక్కడుంచను మామా? పడమటి గది, దాని పక్కది కలిపి బోజమ్మ హోమ్‌స్టే చేసింది. దసరా దాకా బెంగళూరువాళ్ళు బుక్ చేసుకున్నారు. పైగా బోజమ్మ ఏమంటుందంటే..." మాచయ్య నీళ్ళు నమిలాడు. "పన్నెండు రాళ్ళూ ఇచ్చేశారు కదా, ఇంక ఈ ఇంట్లో ఆవిడకేం మిగిలిందీ అంటుంది. నేను కాదు అన్నది, బోజమ్మ."

అన్ని ఇళ్ళలోనూ ఇలాంటి మాటలు పెళ్ళామే అంటుంది, మొగుడు మోసుకొస్తాడు. మేదప్ప ఆ సంగతి పైకి అనలేదు.

"ఆదివారం ఇంటిదీపం ముందు కూర్చుంటున్నాం. చెంగప్ప పెదనాన్న కూడా వస్తున్నాడు. అరువ ఏం చెబితే అదే అన్నాడాయన. మీరు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు. మేమేం కొత్తగా చెప్పమనడం లేదు."

మాచయ్య వెళ్ళిపోయాక సీసా అలాగే ఉండిపోయింది. మేదప్పకు ఎందుకో పోయినేడు మైసూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్ల గుర్తుకొచ్చింది. సమాజశాస్త్రం చదువుతోందట, చేతిలో అచ్చేసిన కాగితాలు. "కుటుంబం అంటే మీ ఉద్దేశంలో ఏమిటి తాతా? సమాజానికి దానివల్ల ఉపయోగమేమిటి?" అని అడిగింది. "పెళ్ళికి పిలవకపోతే అలిగేవాళ్ళు కుటుంబం. అలగనివాళ్ళు సమాజం" అన్నాడు. పిల్ల నవ్వి రాసుకుంది. ఆ రోజంతా తన తెలివికి తానే మురిసిపోయాడు ముసలాయన.

మర్నాడు మేదప్ప బస్సెక్కి కారెయండవాళ్ళ ఊరు వెళ్ళాడు. దారి పొడవునా ఒకటే అనుకున్నాడు. అబద్ధం చెప్పేస్తాను. పదకొండే ఇచ్చాను, పన్నెండోది నా దగ్గరే పోయింది అంటాను. చచ్చిన తిమ్మయ్య లేచి వచ్చి కాదనడు కదా. తిమ్మయ్య ఆ రోజు పిల్లవాడి అరువ. రాళ్ళు అందుకున్నవాడు అతనొక్కడే, పోయి పదేళ్ళయింది.

దేచమ్మ గుమ్మంలో కూర్చుని వెదురు మొలకలు సన్నగా తరుగుతోంది. ఆయన్ని చూసి కత్తిపీట పక్కకు జరిపింది. యాభై రెండేళ్ళకే జుట్టంతా నెరిసింది, నవ్వు మాత్రం తొరెమాడ పిల్ల నవ్వే.

"ఈ వానలో బస్సులో వచ్చారా మామా? జ్వరం తెచ్చుకుని అత్తయ్య చేత నన్ను తిట్టించడానికా?"

"మీ అత్తయ్య నన్ను తిట్టడానికి జ్వరం అక్కర్లేదులే. ముందు కాఫీ పెట్టు."

బెల్లం వేసిన నల్లకాఫీ, వేడి వేడి బియ్యపు రొట్టె ముందు పెట్టింది. రొట్టె సగం తిన్నాక మేదప్ప అసలు మాట తీశాడు.

"దేచూ, ఆదివారం నన్ను పిలిచారు. నువ్వేం భయపడకు. పదకొండే ఇచ్చానని చెబుతాను."

ఆమె ఖాళీ గ్లాసు పక్కకు జరిపింది.

"నాకు సరిగా గుర్తు కూడా లేదమ్మా. పదకొండేనేమో నిజంగా. జనం ఏదో ఒకటి అంటారు..."

దేచమ్మ లేచి లోపలికి వెళ్ళింది. పాత బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి మూత తీసి, చాప మీద బోర్లించింది. రాళ్ళు దొర్లాయి. అరిగి నున్నబడ్డ ఏటిరాళ్ళు. ఒకటి ఎర్రది, ఒకదాని మీద తెల్లగీత.

"పెళ్ళయిన మూడోరోజు ఇవి నా చేతికివ్వగానే లెక్కపెట్టుకున్నాను మామా. ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను" అంది. "అందరూ నవ్వుతున్నారు కదా, హాస్యానికి అంటున్నారేమో అనుకున్నాను."

మేదప్ప చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

"పెళ్ళయిన ఆరో ఏడు గుర్తుందా? ఆయన తాగుడు మరీ ఎక్కువైన ఏడు. ఈ చెయ్యి విరిగింది చూడండి, మెట్ల మీంచి పడ్డానని అందరికీ చెప్పాను. మీకూ అదే చెప్పాను. అప్పుడు బట్టలు సర్దుకుని బస్సుస్టాండు దాకా వెళ్ళాను. మన ఊరు వెళ్ళే విరాజపేట బస్సు వచ్చింది, కండక్టరు రా అక్కా అన్నాడు. ఎక్కలేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, వాన గురించి చెబుతున్నంత మామూలుగా. "ఎక్కి ఎక్కడికెళ్ళను? నా రాయి అక్కడ లేదుగా. తిరిగొచ్చి వంట చేశాను."

"ఒక్కసారి నాతో చెప్పుంటే..."

"మీతోనా? ఆ ఏడే మా పిన్ని కూతురి పెళ్ళిలో కనిపించారు. ఎవరో లెక్క జాగ్రత్త మామా అన్నారు. మీరు పడీపడీ నవ్వారు."

మేదప్ప తల వంచుకున్నాడు. ఈ ముసలివాడిని వెనకేసుకు రావాలని ఈ కథ చెబుతున్న నాకూ లేదు. ఆయనకంతా గుర్తుంది. గుర్తులేదనడమే ఇన్నేళ్ళూ ఆయన చేసిన పని. ఆ రోజు పదకొండు పోయబోతూ పన్నెండోదాన్ని బొటనవేలి కింద నొక్కి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే బయట కుర్రకారు పెళ్ళి ఆనవాయితీగా గాల్లోకి తుపాకులు పేల్చారు. చెయ్యి అదిరింది. అరచెయ్యి ఖాళీ అయింది. తిమ్మయ్య పెద్దగా నవ్వి, "ఏం సుబేదారూ, పిల్లను పూర్తిగా వదిలించుకున్నారా!" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. ఒక్క మాట, తిమ్మయ్యా ఒకటి వెనక్కి ఇవ్వు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంతమందిలో తప్పు ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. తనూ నవ్వేశాడు. ఆ నామోషీ ఖరీదు ఈ పిల్ల విరిగిన చెయ్యి అని ఆ చాప మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు చివరికి.

"ఆయన చివరి రోజుల్లో మంచిగానే ఉన్నారులెండి" అంది దేచమ్మ. రాళ్ళు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ అంది, "మీరు అబద్ధం చెప్పొద్దు మామా. అబద్ధం మీద వస్తే మరదలు నన్ను రోజూ లెక్కపెడుతుంది."

"కోర్టుకెళ్ళినా వాటా వస్తుంది దేచూ. ఇప్పుడు చట్టముంది."

"వాటా ఏం చేసుకోను? గుమ్మంలో అడుగుపెడితే ఎందుకొచ్చావని అడగని ఇల్లు కావాలి నాకు. ఆ చట్టముందా?"

మేదప్పకు ఆ మైసూరు పిల్ల ఇప్పుడొచ్చి అడిగితే బాగుండుననిపించింది.

ఆదివారం తొరెమాడ పాత ఇంటికి మేదప్ప నల్ల కుప్య కోటు తొడుక్కుని, నడుముకు ఎర్రపట్టు చుట్టుకుని, వెండిపిడి పీచెకత్తి దోపుకుని వెళ్ళాడు. పెళ్ళికి వేసుకునే వేషం అది. చూసినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నడిమింట్లో దీపం వెలుగుతోంది. కింద చాప మీద ఎనభై నాలుగేళ్ళ చెంగప్ప, ఆ ఇంటి పట్టెదారు, అంటే పెద్ద. పక్కన మాచయ్య, నలుగురైదుగురు దాయాదులు. తలుపు దగ్గర బోజమ్మ. ఆమె పక్కన, బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన కూతురు చోందమ్మ. దేచమ్మ గుమ్మం బయట అరుగు మీదే కూర్చుంది. ఒళ్ళో బిస్కట్ల డబ్బా. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రావద్దనీ అనలేదు.

బోజమ్మ చెడ్డదేమీ కాదు. తెల్లారి నాలుగింటికి లేచి పదిమంది అతిథులకు వండి, దుప్పట్లు ఉతికి, ఆ పాత ఇంటిని కూలిపోకుండా నిలబెట్టింది ఆమే. ఆడపడుచంటే ద్వేషం లేదు. ఉన్న రెండు గదుల మీద భయముంది, అంతే.

"అరువా, చెప్పు" అన్నాడు చెంగప్ప. "తొరెమాడ పిల్లను కారెయండవాళ్ళకిచ్చిన రోజు నీ చేత్తో ఎన్ని ఇచ్చావు?"

"పన్నెండు" అన్నాడు మేదప్ప.

మాచయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బోజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గుర్తులేదన్నానే ఇన్నాళ్ళూ, అది అబద్ధం. అన్నీ గుర్తున్నాయి. చెయ్యి జారింది, వెనక్కి అడగడానికి నామోషీ పడ్డాను. తప్పు పిల్లది కాదు, తొరెమాడది కాదు, నాది."

"ఎవరిదైతేనేం మామా, ఇచ్చిందయితే ఇచ్చేశారు కదా" అన్నాడొక దాయాది.

"ఇచ్చేశాను. అందుకే ఇదిగో." మేదప్ప పీచెకత్తి తీసి దీపం ముందు పెట్టాడు. నడుముకున్న ఎర్రపట్టు విప్పి మడతపెట్టి దాని పక్కన పెట్టాడు. "లెక్క తప్పినవాడు అరువ కాడు. తొరెమాడ ఇంటికి ఇవాల్టితో చీకెమాడ అరువతనం చెల్లు. వేసవిలో పెళ్ళికి వేరేవాళ్ళను చూసుకోండి."

ఇల్లంతా ఒక్కసారి కలకలం రేగింది. అరువ లేకుండా పెళ్ళేమిటి? తరతరాల అరువ దీపం ముందు నడికట్టు విప్పి వెళ్ళిపోయిన ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు?

"అదేంటి మామా, ఇలా నడిమధ్యలో!" బోజమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "ముహూర్తం పెట్టుకున్నాం. చోందమ్మ రాళ్ళు మీరే ఇవ్వాలి. నేను పుట్టింట్లో కూడా మా మేదప్పమామే ఇస్తాడని చెప్పుకున్నాను."

"ఇవ్వమంటే ఇస్తాను తల్లీ. ఇవ్వలేకేం? పదకొండు ఇచ్చి, ఈసారి పన్నెండోది గట్టిగా పట్టుకుంటాను." మేదప్ప ఆమె వైపు తిరిగాడు. "పట్టుకుని ఎక్కడ పెట్టమంటావు?"

"ఎక్కడేంటి? చెంబులో. అందరివీ ఉన్నచోటే."

"ఆ చెంబులో వేస్తే ఏమవుతుంది? రేపు, దేవుడా అలా జరక్కూడదు, చోందమ్మ ఒకరోజు బట్టలు సర్దుకుని బస్సుస్టాండులో నిలబడింది అనుకో. విరాజపేట బస్సు వచ్చింది. ఎక్కాలా వద్దా అని ఆలోచిస్తుంది. అప్పుడు ఈ గదిలో బెంగళూరువాళ్ళుంటారు. నువ్వూ మాచయ్యా ఉండరు, మీ తర్వాతవాళ్ళుంటారు. వాళ్ళు లెక్కలు తీస్తారు. ఫలానారోజు అరువ చెయ్యి వణికిందనో, రాయి చిన్నదనో, రాయి పగిలిందనో అంటారు. అనడానికి ఏదో ఒకటి దొరుకుతుందమ్మా. మేనత్తను గుమ్మం బయట కూర్చోబెట్టిన ఇంట్లో మేనకోడలి రాయికి విలువేముంటుంది? ఏటి ఒడ్డున బోలెడున్నాయి అలాంటివి."

చోందమ్మ తల్లి వైపు చూసింది. బోజమ్మ ఆ చూపుకు తట్టుకోలేక తల తిప్పుకుంది. తిప్పుకున్నచోట దేచమ్మ కనిపించింది. అరుగు అంచున, సగం ఒళ్ళు వానజల్లుకు తడుస్తూ కూర్చుని ఉంది.

బోజమ్మ గుమ్మం దాటి వెళ్ళింది.

"తడిసిపోతున్నారు కదా వదినా, కాస్త లోపలికి జరగలేరా?" కసిరినట్టే అంది. "ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

దేచమ్మ డబ్బాను గుండెకు దగ్గరగా పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ ఇవ్వని డబ్బా అది. మేదప్ప వైపు చూసి, మరదలి వైపు చూసి, మెల్లగా చేతికిచ్చింది. బోజమ్మ మూత తీసి లోపల చెయ్యి పెట్టి, ఎర్రరాయి బయటికి తీసింది. అందరూ చూస్తుండగా నడిమింట్లోకి నడిచి, దీపం కింద రాగి చెంబులో వేసింది. టంగుమని మోగింది.

"పెదనాన్నా, ఇంటి పెద్ద మీరు. తప్పయితే చెప్పండి" అంది.

చెంగప్ప చెంబులోకి తొంగి చూశాడు. "ఆలస్యమయింది" అన్నాడు. "తప్పు కాలేదు."

మాచయ్య లేచాడు. అక్క దగ్గరకు వెళ్ళి ఏమనాలో తెలియక, ఆమె చెప్పులు తీసి లోపలి గోడవార పెట్టాడు. దేచమ్మ అప్పటిదాకా గట్టిగానే ఉంది. ఆ చెప్పులు లోపల చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. చోందమ్మ వెళ్ళి పక్కన కూర్చుని ఆమె విరిగిన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పడమటి గదిలో పరుపులు ఎత్తాలని, బెంగళూరువాళ్ళకు ఫోన్ చేయాలని బోజమ్మ ఎవరితోనో అంటోంది.

ఎర్రపట్టు ఇంకా దీపం ముందే ఉంది. బోజమ్మ దాన్ని తీసి మేదప్ప చేతికిచ్చి, రెండో చేతిలో బిస్కట్ల డబ్బా పెట్టింది.

"కట్టుకోండి మామా. కట్టుకుని ఇవి లెక్కపెట్టండి. అందరూ వినేలా."

మేదప్ప నడికట్టు కట్టుకున్నాడు. దీపం ముందు నిలబడి డబ్బాలోంచి ఒక్కొక్క రాయీ తీసి చాప మీద పెడుతూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. తెల్లగీత రాయి తొమ్మిదోది. పది దగ్గర ఆగాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు.

"పదకొండు" అన్నాడు. డబ్బా బోర్లించి చూపించాడు.

ఎవరూ నవ్వలేదు.